రైతు బజార్‌లో కొంటే నిజంగా ఎంత మిగులుతుంది? గేటు దగ్గరి బోర్డు నుంచి ఇంట్లో ఫ్రిజ్ దాకా

కూరగాయల ఖర్చు తగ్గించుకోవాలంటే తెలుగువాళ్లకి ముందు గుర్తొచ్చేది రైతు బజారే. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇవి మొదలయ్యాయి. పంజాబ్, హర్యానాల్లో అప్పటికే రైతులే నేరుగా అమ్ముకునే ఇలాంటి 'అప్నీ మండీ'లు ఉన్నాయి. తమిళనాడులో 'ఉళవర్ సందై' అదే ఏడాది నవంబరులో వచ్చింది. పాతికేళ్లు గడిచాయి, ఇంటికే పది నిమిషాల్లో కూరగాయలు తెచ్చిచ్చే యాప్‌లు వచ్చాయి, అయినా ఆదివారం పొద్దున హైదరాబాద్ ఎర్రగడ్డలోనో మెహిదీపట్నంలోనో, విశాఖ ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో రైతు బజార్‌కి వెళ్తే కాలు పెట్టడానికి చోటుండదు. రేటు తక్కువ అన్నది నిజం కాబట్టే అంత జనం.

అయితే రేటు తక్కువ కావడం వేరు, నెలాఖరుకి చేతిలో డబ్బు మిగలడం వేరు. ముందు ఒక లెక్క చూద్దాం. నలుగురున్న ఇంటికి వారానికి 8 కిలోల కూరగాయలు కావాలనుకోండి. రైతు బజార్‌లో సగటున కిలో 40 రూపాయలు, బయట 53 రూపాయలు పడుతోందనుకుందాం. ఇక్కడ 320, అక్కడ 424. అంటే 104 రూపాయలు మిగిలాయి. తెచ్చిన వాటిలో కిలోన్నర ఫ్రిజ్‌లోనే కుళ్లిపోతే అందులో 60 పోయాయి. రానూపోనూ పెట్రోలుకో ఆటోకో 40 అయితే చివరికి మిగిలింది 4 రూపాయలు. రైతు బజార్‌కి వెళ్తున్నా ఏమీ కలిసి రావడం లేదనే ఇళ్లలో జరుగుతున్నది ఇదే. తప్పు బజార్‌ది కాదు. ఏ అంగడిలో కొన్నాం, ఎలా తూచారు, ఇంటికి తెచ్చి ఎలా దాచాం అన్న మూడు చోట్లా చూసుకుంటేనే ఆ 104లో ఎక్కువ భాగం మనకి దక్కుతుంది.

బోర్డు దగ్గర ఆగండి

గేటు దాటగానే చాలామంది చూడకుండా వెళ్లిపోయేది ధరల బోర్డు. రైతు బజార్‌లో అన్నిటికంటే విలువైన వస్తువు అదే. బజార్‌ని చూసుకునే ఎస్టేట్ ఆఫీసర్ ఆధ్వర్యంలో రోజూ పొద్దున్నే ఆ రోజు రేట్లు రాస్తారు. హోల్‌సేల్ ధర మీద సుమారు 25 శాతం ఎక్కువ, బయటి చిల్లర ధర కంటే సుమారు 25 శాతం తక్కువ ఉండాలన్నది మొదటి నుంచీ ప్రభుత్వం చెబుతున్న లెక్క. మధ్యలో కమీషన్ కోత లేదు కాబట్టి రైతుకి నాలుగు రూపాయలు ఎక్కువ, మనకి నాలుగు రూపాయలు తక్కువ.

ఈ తేడా అన్నిటి మీదా ఒకేలా రాదు. వంకాయ, బెండ, దొండ, సొరకాయ, బీర, గోరుచిక్కుడు, ఆకుకూరలు లాంటివి చుట్టుపక్కల పల్లెల్లో పండి నేరుగా వస్తాయి. అసలైన ఆదా వీటి మీదే. ఉల్లి, బంగాళాదుంప, క్యారెట్, అల్లం, వెల్లుల్లి ఎక్కువగా దూరప్రాంతాల నుంచి హోల్‌సేల్ మార్కెట్ మీదుగా వస్తాయి. ఎక్కువచోట్ల వీటిని అమ్మేది రైతులు కాదు, స్వయం సహాయక సంఘాల స్టాళ్లవాళ్లు. వీటి మీద కిలోకి రెండు మూడు రూపాయలకు మించి తేడా కనిపించదు. ఇంటి పక్క కిరాణా కొట్టులో మంచి ఉల్లిపాయలు దొరుకుతుంటే 5 కిలోల సంచి ఇక్కణ్నుంచి మోసుకెళ్లనక్కర్లేదు.

బోర్డుని ఫోన్‌తో ఒక ఫొటో తీసి, లోపలికి వెళ్లాక దుకాణం ముందు నిలబడినప్పుడు అదే చూసుకోండి. 'ఇది ఫస్ట్ క్వాలిటీ, బోర్డు రేటుకి రాదు' అనే మాట వినిపిస్తుంది. బోర్డు మీది రేటుకి మించి అడగకూడదు. వాదన పెట్టుకోకుండా పక్క అంగడికి వెళ్లండి, అదే పని పదేపదే చేస్తున్నవాళ్లుంటే లోపలే ఉన్న ఎస్టేట్ ఆఫీసులో చెప్పండి. ఆ ఫొటోకి ఇంకో ఉపయోగం కూడా ఉంది. వారం మధ్యలో తోపుడు బండి మీదో యాప్‌లోనో కొనాల్సి వచ్చినప్పుడు అది న్యాయమైన ధరో కాదో తేల్చుకోవడానికి అంతకంటే మంచి కొలత మన దగ్గర లేదు.

అమ్మేది రైతేనా?

రైతు బజార్ల మీద మొదటి నుంచీ ఉన్న ఫిర్యాదు దళారుల గురించే. రైతులకి ఫొటో ఉన్న గుర్తింపు కార్డులిస్తారు. అయినా హోల్‌సేల్ మార్కెట్లో కొనుక్కొచ్చి ఇక్కడ అమ్మేవాళ్లు కొన్నిచోట్ల చేరిపోతారు. కార్డు అడిగి గొడవ పడనక్కర్లేదు, గంపలు చూస్తే తెలిసిపోతుంది. రైతు దగ్గర రెండు, మూడు, మహా అయితే నాలుగు రకాలుంటాయి. అవి ఆ కాలంలో ఆ నేలలో పండేవే అయి ఉంటాయి. వంకాయలన్నీ ఒకే సైజులో ఉండవు, కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి. ఆకుకూర వేళ్లకి మట్టి తడి ఆరకుండా ఉంటుంది. అలా కాకుండా ఒకే అంగట్లో పన్నెండు రకాలు, అందులో క్యారెట్, కాలీఫ్లవర్, క్యాప్సికమ్ అన్నీ ఒకే సైజుకి ఏరిపెట్టి ఉన్నాయంటే అవి మార్కెట్ నుంచి వచ్చినవి. కొనకూడదని కాదు. అవి కోసి ఒకటి రెండు రోజులు అయి ఉంటాయి, అంటే మీ ఇంట్లో ఉండే రోజుల్లోంచి ఆ రెండు రోజులు తగ్గించుకోవాలి.

రైతుల అంగళ్లు చాలా బజార్లలో గేటుకి దూరంగా, లోపలి వరుసల్లో ఉంటాయి. మొదటి వరుసలోనే సంచి నింపేసుకోకుండా ఒక్కసారి చివరిదాకా నడిచి రండి. ఆ పది నిమిషాల నడక తాజాదనంలో రెండు రోజులు కలిపిస్తుంది.

కాటా

కిలోకి 50 గ్రాములు తగ్గితే 5 శాతం. 8 కిలోల మీద 400 గ్రాములు, అంటే ఒక పూట కూర. ఎలక్ట్రానిక్ కాటా అయితే తట్ట పెట్టాక అంకె సున్నా దగ్గర ఉందో లేదో చూసి, ఆ తర్వాతే కూరగాయలు వేయమనండి. కాటా ముఖం కొన్నవాళ్ల వైపు తిరిగి ఉండాలి. పాత తక్కెడ అయితే ఇనుప రాళ్ల మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, రాయి ముక్కలు, బోల్టులు పెట్టి తూచితే ఒప్పుకోవద్దు. అనుమానం వస్తే ఒక తేలిక పరీక్ష ఉంది: సీలు తీయని లీటరు నీళ్ల సీసా కాటా మీద పెట్టమనండి. లీటరు నీళ్లు కిలో, ఖాళీ సీసా బరువు 20, 30 గ్రాములు. 1,020 నుంచి 1,030 మధ్య చూపిస్తే కాటా సరిగ్గా ఉన్నట్టే. 1,080 చూపిస్తే ఆ కాటా మీద కిలో కొన్న ప్రతిసారీ దాదాపు 50 గ్రాములు పోతున్నట్టే. ముందు ఎస్టేట్ ఆఫీసులో చెప్పాలి, అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఆకుకూరలు కట్టల్లెక్కన అమ్ముతారు కాబట్టి అక్కడ కాటా పని చేయదు. కట్ట చేత్తో పట్టుకుని చూడండి. ఎండాకాలంలో, పెద్ద వానల తర్వాత రేటు మారదు, కట్ట సన్నబడుతుంది. నీళ్లు బాగా చల్లిన కట్ట బరువుగా నవనవలాడుతూ కనిపిస్తుంది గానీ మర్నాటికి మధ్యలో నల్లబడుతుంది. తాడు దగ్గర వేలు పెట్టి చూస్తే లోపల వేడిగా, జిగటగా ఉందంటే ఆ కట్ట వద్దు.

ఏరుకోవడంలోనే సగం డబ్బు

బోర్డు మీది రేటు మొత్తం కాయకి. వండేది మొత్తం కాయ కాదు. కాలీఫ్లవర్ కిలో 40 అనుకుంటే ఆకులు, కాడ తీసేశాక చేతికొచ్చేది 600 గ్రాములు, అంటే తినేది కిలో 67 పడింది. పచ్చి బటానీ కాయలు కిలో 60కి దొరికినా వలిస్తే 450 గ్రాములకు మించి గింజలు రావడం కష్టం, అప్పుడు కిలో గింజలు 133. అదే దొండకాయలు కిలో 50 అయినా రెండు కొసలూ కోసేస్తే పోయేది 50 గ్రాములే, తినేది కిలో 53. బోర్డు చూస్తే దొండకాయ కాలీఫ్లవర్ కంటే ఖరీదు, పొయ్యి మీద చూస్తే చవక. సొరకాయ, క్యాబేజీ, టమాటా, బెండ, గుమ్మడి ఇలా తక్కువ పోయేవి. గోంగూర, తోటకూర కాడలు తీశాక బాగా తగ్గుతాయి. తోటకూర కాడలు లేతగా ఉంటే పులుసులో వేసేయొచ్చు, అప్పుడు అదీ దండగ కాదు.

కాయ ముదురైతే కూడా ఇదే నష్టం. వంకాయ అరచేతిలో పెట్టుకుంటే సైజుకి తగ్గ బరువు కంటే తేలిగ్గా ఉండాలి. బరువుగా ఉంటే గింజ ముదిరింది. తొడిమ దగ్గర, కాయ మధ్యలో సూది మొన అంత రంధ్రం కనిపిస్తే పుచ్చు, పైకి ఎంత నిగనిగలాడుతున్నా లోపల సగం పారేయాలి. నాలుగు కాయల్లో ఒకటి పుచ్చని పూర్తిగా పారేస్తే కిలో 40ది 53 అయినట్టే. బెండకాయ కొస విరిస్తే టక్కున విరగాలి, వంగితే ముదురు. ఏరుకోనిచ్చే అంగట్లో కూడా ప్రతి కాయ కొసా విరిచేయడం మాత్రం తగదు, రైతుకి ఆ కాయ పోతుంది. ఒకటి రెండు చూస్తే గంపంతా తెలుస్తుంది. మునక్కాయ సన్నగా, మెలి తిప్పితే వంగేలా ఉండాలి, గింజలు పైకి ఉబ్బి కనిపిస్తే పీచే. చిక్కుడు కాయలో గింజ ఉబ్బకుండా బల్లపరుపుగా ఉంటే లేత. దొండకాయ ఒకటి విరిచి చూడండి, లోపల ఎర్రబడితే పండిపోతోంది. బంగాళాదుంప మీద ఆకుపచ్చ మచ్చ ఉంటే అది ఎంత చవకైనా వద్దు, ఆ భాగంలో సోలనిన్ అనే విషపదార్థం చేరుతుంది.

టమాటాలో నాటు, హైబ్రిడ్ తేడా తెలుసుకుని కొంటే ఖర్చు తగ్గుతుంది. నాటుది పుల్లగా, రసం ఎక్కువగా ఉంటుంది. చారుకి, పచ్చడికి రెండు కాయలు చాలు, కానీ మూడు రోజులకు మించి నిలవదు. హైబ్రిడ్ తోలు మందం, వారం ఉంటుంది, పులుపు తక్కువ. వారానికి 2 కిలోలు కావాలంటే నాటుది అరకిలో వెంటనే వాడుకోవడానికి, మిగతాది హైబ్రిడ్, అందులోనూ సగం దోరగా ఉన్నవి తీసుకుంటే చివరి రోజు దాకా వస్తాయి.

ఎప్పుడు వెళ్లాలి

పొద్దున 7 నుంచి 9 మధ్య వెళ్తే లేత కాయ, తాజా ఆకు దొరుకుతుంది, రేటు అదే. బోర్డు ధర రోజంతా ఒకటే కాబట్టి ముందు వెళ్లినవాళ్లకే లాభం. సాయంత్రం 6 దాటాక సంగతి వేరు. రైతు ఊరికి తిరిగి వెళ్లాలి, మిగిలిన ఆకుకూర రేపు అమ్ముడుపోదు. అప్పుడు బోర్డు కంటే తక్కువకే ఇస్తారు, కొసరు కూడా వేస్తారు. కానీ పొద్దున్నుంచి వందమంది ఏరి వదిలేసినవి అవి. ఆ రాత్రికో మర్నాడు పొద్దునకో వండేస్తాం అనుకున్నవీ, పచ్చడికో వరుగులకో పనికొచ్చేవీ మాత్రమే సాయంత్రం కొనండి. వారానికి సరిపడా కొనే వేళ మాత్రం అది కాదు. బజార్లకి వారంలో ఒక రోజు సెలవు ఉంటుంది, అది ఊరిని బట్టి మారుతుంది. సెలవు మర్నాడు పొద్దున వెళ్తే ముందురోజు మిగిలిన సరుకు కలిసే అవకాశం తక్కువ.

పండగలు, నోముల నెలలు కూడా చూసుకోవాలి. కార్తీకంలో చాలా ఇళ్లలో మాంసం మానేస్తారు, కూరగాయలకి గిరాకీ పెరుగుతుంది. శ్రావణ శుక్రవారాలకి ముందురోజు అరటిపండ్లు, కొబ్బరికాయలు, పూలు మండిపోతాయి. కొబ్బరికాయలు అంతకు పది రోజుల ముందే తెచ్చిపెట్టుకుంటే పాడవ్వవు.

ఇంటికి తెచ్చాక

ఆదా అంతా ఇక్కడే నిలుస్తుంది, లేదా ఇక్కడే పోతుంది. పెద్ద పొరపాటు తెచ్చిన సంచిని తెచ్చినట్టే ఫ్రిజ్‌లో పెట్టడం. రెండో పొరపాటు అన్నీ కడిగి పెట్టడం. తడి ఉన్నచోట కుళ్లు మొదలవుతుంది.

ఆకుకూరల తాడు విప్పి, పసుపు ఆకులు, కుళ్లిన రెమ్మలు తీసేసి, వేళ్లు కోసి, అరగంట నీడలో ఆరబెట్టాలి. తర్వాత పొడి నూలు గుడ్డలో వదులుగా చుట్టి ఫ్రిజ్ కింది అరలో పెడితే పాలకూర మూడు రోజులు, గోంగూర, తోటకూర నాలుగు రోజులు ఉంటాయి. కొత్తిమీర వేళ్లతో సహా గ్లాసులో రెండంగుళాల నీళ్లలో నిలబెట్టి, పైన వదులుగా కవర్ బోర్లించి, రెండు రోజులకోసారి నీళ్లు మారిస్తే వారం పైన నిలుస్తుంది. కరివేపాకు రెమ్మల నుంచి ఆకు దూసి, పొడి డబ్బాలో గుడ్డ ముక్క వేసి మూత పెట్టాలి. పచ్చిమిర్చికి తొడిమలు తీయడం తప్పనిసరి, కుళ్లు తొడిమ దగ్గరే మొదలవుతుంది. తీసేసి, తడి తుడిచి, అడుగున గుడ్డ వేసిన డబ్బాలో పెడితే రెండు వారాలు ఢోకా లేదు. మెత్తబడిన మిరపకాయ ఒక్కటి ఉన్నా తీసేయాలి, లేదంటే డబ్బా అంతా పోతుంది.

బెండకాయ అస్సలు కడగకూడదు, వండే ముందే కడిగి తుడవాలి. టమాటాలు దోరవి బయటే, తొడిమ వైపు కిందికి ఉండేలా బుట్టలో ఒకే వరుసలో పెట్టండి, పండినవి మాత్రమే ఫ్రిజ్‌లోకి. ఉల్లి, బంగాళాదుంప ఒకే బుట్టలో వద్దు, రెండూ తొందరగా మొలకెత్తుతాయి, కుళ్లుతాయి.

వండే వరుస కూడా ముందే అనుకోవాలి. తెచ్చిన రోజు, మర్నాడు ఆకుకూర. తర్వాత బెండ, వంకాయ, బీర. నాలుగో రోజు నుంచి దొండ, గోరుచిక్కుడు, క్యాబేజీ. చివరి రెండు రోజులు సొరకాయ, దోసకాయ, దుంపలు. ఈ వరుస పాటిస్తే పైన చెప్పిన కిలోన్నర పారేయడం పావుకిలోకి తగ్గుతుంది. వారానికి 50 రూపాయలంటే నెలకి 200, ఏ డిస్కౌంటూ అంత ఇవ్వదు.

కాలం చూసి ఎక్కువ కొనేవి

ఉల్లిపాయ విషయంలో కాలం తెలియక నష్టపోయేవాళ్లు ఎక్కువ. ఆగస్టు నుంచి నవంబరు దాకా వచ్చే కర్నూలు ఖరీఫ్ ఉల్లిలో తేమ ఎక్కువ, నిలవ ఉండదు. రెండు కిలోలకు మించి తెస్తే కుళ్లుతుంది. మహారాష్ట్ర నుంచి వేసవిలో వచ్చే రబీ ఉల్లి మెడ సన్నగా ఎండి, పొర గలగలలాడుతూ ఉంటుంది. అది గాలి తగిలే చోట గోనె మీద పరిచి పెడితే మూడు నెలలు ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో 10 కిలోలు తీసుకుని వారానికోసారి ఏరుతుంటే వానాకాలం ధర పెరిగే రోజులకి అక్కరకొస్తుంది. అంతకంటే ఎక్కువ వద్దు, వానలు మొదలయ్యాక గాలిలో తేమకి మొలకలు వస్తాయి.

టమాటా శీతాకాలంలో, ముఖ్యంగా డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చవక. ఎండలు ముదిరాక తెలంగాణలో స్థానిక పంట తగ్గిపోయి, మదనపల్లె, కోలార్ వైపు నుంచి రావాల్సి ఉంటుంది, అందుకే జూన్, జులైల్లో ధర ఎగిరిపోతుంది. ఫిబ్రవరిలో 5 కిలోలు నిలవ పచ్చడి పెట్టుకుంటే ఆ రెండు నెలలు గడుస్తాయి. కిలో ముక్కలకి సుమారు 100 గ్రాముల ఉప్పు, కాస్త పసుపు కలిపి జాడీలో మూడు రోజులు ఊరనిచ్చి, ముక్కల్ని పిండేసి ఎండబెట్టాలి. ఆ ఊటలో 100 గ్రాముల చింతపండు నానబెట్టి, ముక్కలతో కలిపి రుబ్బి, 100 గ్రాముల కారం వేసి తాలింపు పెట్టాలి. ముక్క సరిగ్గా ఎండకపోయినా, గరిటె తడిగా ఉన్నా బూజు పడుతుంది. ఇంకేం తప్పు జరిగినా సర్దుకోవచ్చు గానీ తడి దగ్గర మాత్రం సర్దుబాటు లేదు.

ధరలు మరీ పెరిగినప్పుడు ప్రభుత్వం రాయితీ సరుకు పంపేది కూడా రైతు బజార్‌కే. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఉల్లి 25 రూపాయలకు మనిషికి కిలో చొప్పున ఇచ్చారు. 2023లో టమాటా వంద దాటినప్పుడు 50కి అమ్మారు. క్యూ పెద్దగా ఉంటుంది, సరుకు మధ్యాహ్నానికే అయిపోతుంది, గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలి. కిలో కోసం రెండు గంటలు ఎండలో నిలబడాలా అన్నది మీ ఓపిక. వయసైనవాళ్లని మాత్రం ఆ క్యూలకి పంపకండి.

పప్పులు, బియ్యం, నూనె

2024 జులైలో ఆంధ్రప్రదేశ్ రైతు బజార్లలో ప్రత్యేక కౌంటర్లు తెరిచి కందిపప్పు కిలో 160కి, స్టీమ్ బియ్యం 49కి, పచ్చి బియ్యం 48కి అమ్మారు. ఇలాంటి కౌంటర్ మీ బజార్‌లో నడుస్తుంటే ముందు అక్కడే చూడండి. విడిగా అమ్మే పప్పు కొనేటప్పుడు గుప్పెడు అరచేతిలో పోసి చూడాలి. కందిబద్ద గుండ్రంగా ఉంటుంది. గొడ్డలి ఆకారంలో అంచులు ఏటవాలుగా ఉన్న బద్దలు కనిపిస్తే లంకపప్పు కలిసినట్టు. అది ఆరోగ్యానికి చేటు, కిలోకి 20 తగ్గించినా వద్దు.

బియ్యం సంచి 26 కిలోలది ఎందుకుంటుందో చాలామందికి తెలియదు. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పెట్టారు, అది తప్పించడానికే మిల్లర్లు 26 కిలోలు చేశారు. కాబట్టి 10 కిలోలు, 25 కిలోల సంచుల కంటే 26 కిలోలది కిలో లెక్కన తక్కువ పడాలి. పడకపోతే ఆ లాభం కొట్టువాడి దగ్గరే ఆగిపోయింది.

నూనె ప్యాకెట్ చేతిలోకి తీసుకోగానే గ్రాములు చదవండి. లీటరు పొద్దుతిరుగుడు నూనె 910 గ్రాములు. అదే సైజులో కనిపించే 850, 800, 750 గ్రాముల ప్యాకెట్లు కూడా పక్కనే ఉంటాయి. 750 గ్రాములది 130కి, 910 గ్రాములది 150కి ఉంటే చవకగా కనిపించేది మొదటిది. కిలో లెక్క వేస్తే మొదటిది 173, రెండోది 165. ఎమ్మార్పీ పక్కనే గ్రాముకి ఎంతో ముద్రించాలన్నది నిబంధన. అయితే ఆ అంకె ఎమ్మార్పీ మీద వేసింది, డిస్కౌంట్ పోను మీరు కట్టేదాని మీద కాదు. కాబట్టి ఫోన్‌లో ఒకసారి భాగించి చూసుకోవాలి.

నచ్చనివి

వానాకాలంలో చాలా బజార్లలో నడిచే దారి బురదే. కుళ్లిన ఆకు కుప్పలు సాయంత్రం దాకా అలాగే ఉంటాయి. బండి పెట్టడానికి చోటు దొరకదు, ఆదివారం అయితే పావుగంట దానికే పోతుంది. మరుగుదొడ్లు ఉన్నా వాడేలా ఉండటం అరుదు, పొద్దున 5కి ఊరి నుంచి బయల్దేరే రైతు మహిళలకి ఇది మనకంటే పెద్ద ఇబ్బంది. సర్కారు మొదట సరిచేయాల్సింది ఇదే. యూపీఐ చాలామంది తీసుకుంటున్నారు గానీ ఇంకా లేని రైతులూ ఉన్నారు, పదులు, ఇరవైలు వెంట ఉంచుకుంటే మంచి సరుకు వదులుకోనక్కర్లేదు.

ఇల్లు మూడు కిలోమీటర్లకు మించి దూరం అయితే, ఒక్కరో ఇద్దరో ఉండే ఇల్లయితే వారం వారం ఇక్కడికి రావడం కలిసిరాదు. అలాంటివాళ్లకి వీధి చివర వారపు సంతే మేలు. అక్కడా రేటు తేల్చుకోవడానికి రైతు బజార్ బోర్డే ఆధారం. నాలుగిళ్లు కలిసి వంతులేసుకుని ఒక్కరు వచ్చి తెచ్చేటట్టయితే దూరం ఉన్నా గిట్టుబాటవుతుంది. అప్పుడు హైదరాబాద్‌లోని బోయిన్‌పల్లి లాంటి హోల్‌సేల్ మార్కెట్‌కి వెళ్లి టమాటా పెట్టె మొత్తం, సుమారు 25 కిలోలు తీసుకుని పంచుకోవచ్చు. పెట్టె అడుగున ఏముందో చూసే కొనాలి, పైవరుస ఎప్పుడూ బాగానే ఉంటుంది.

వెళ్లేటప్పుడు రెండు పెద్ద గుడ్డ సంచులు, ఒక వెడల్పాటి బుట్ట పట్టుకెళ్లండి. ఒక సంచి అడుగున దుంపలు, సొరకాయ, క్యాబేజీ, వాటి మీద దొండ, గోరుచిక్కుడు, పైన వంకాయ, బెండ. రెండో సంచిలో ఆకుకూరలు మాత్రమే, నిలువుగా. టమాటాలు, పచ్చిమిర్చి బుట్టలో. టమాటా కొనడం చివరికి పెట్టుకోండి, బజార్ అంతా తిరిగేటప్పుడు నలగకుండా ఉంటాయి.